మెరీనాలో అక్క పాడిన పూట

ఫోనులో చోటు లేదట. పాతవి కొన్ని తీసేస్తే తప్ప కొత్తవి పట్టవని మా అమ్మాయి మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా పక్కన కూర్చుని, ఒక్కొక్క బొమ్మే చూపిస్తూ ఉంచాలా తీసెయ్యాలా అని అడుగుతూ పోయింది. ఎవరెవరో పంపిన శుభోదయాలూ, పెళ్లి భోజనాల ఫొటోలూ పోతే పోయాయనుకున్నాను గానీ, సముద్రం ముందు నిలబడిన అక్క వీడియో రాగానే దాని జోలికి వెళ్లొద్దని కసురుకున్నాను. పాపం, అంత గట్టిగా అనవలసింది కాదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు. గుంటూరు వైపు నుంచి నాయుడుపేటకు కోడలుగా వచ్చిన నేను, చిట్టమూరు దగ్గర ఒక పల్లె బడిలో లెక్కలు చెప్పడానికి చేరేనాటికే ఆమె అక్కడ తెలుగు చెబుతుండేది. ఆదివారాలు మా చర్చిలో కీర్తన ఎత్తుకునేదీ ఆమే. చేరిన రోజున పిల్లల అల్లరికి నేను బెంబేలెత్తుతుంటే, పక్క గదిలోంచి వచ్చి "గమ్మునుండు మే, వాళ్లే సర్దుకుంటారు" అంది. మే అన్న పిలుపు నన్నేనని తెలిసింది గానీ, మా వైపు గమ్మున అంటే త్వరగా అని. నేను గబగబా బెత్తం కోసం పరుగెత్తాను. ఊరకుండమంటే ఉరికిందని ఆ కథను బడి ఎదురింటి వదినకు చెప్పి, ఇద్దరూ ఏడాది పొడుగునా నన్ను ఏడిపించారు. ఆ వదినది వరి పండించే రైతు కుటుంబం, మాకు చుట్టరికం ఏమీ లేదు, మధ్యాహ్నం పూట మజ్జిగ పంపి పంపి వదిన అయింది.

అంత యాస మాట్లాడే అక్క పిల్లల రాతలో మాత్రం ఒక్క ఊరి మాటనూ బతకనిచ్చేది కాదు. "వచ్చినాడు" అని రాస్తే కొట్టేసి పైన ఎర్ర సిరాతో "వచ్చాడు" అని దిద్దేది. బడి గంట కొట్టగానే అదే మనిషి "పెద్ద సారు యాడికి పోయినాడు మే" అని నన్ను అడిగేది. ఇదెక్కడి న్యాయమని నేను ఎత్తిపొడిస్తే, నోరు మన ఇష్టం, రాత పదిమందిదీ అని నవ్వేసేది.

మేమిద్దరం ఉద్యోగాల నుంచి దిగిపోయిన కొన్నాళ్లకు అక్క గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, పాడీ పాడీ అరిగిందన్నారు, మిరియాల పాలు తాగమన్నారు. చివరికి చెన్నైలో డాక్టరు గొంతులో పుండు ముదిరిందనీ, స్వరపేటిక తీసేస్తేనే ప్రాణం దక్కుతుందనీ తేల్చి చెప్పాడు. అక్క కొడుకు రైల్లో నేరుగా ఆసుపత్రికి వస్తానంటే, మనం ముగ్గురం ఆపరేషనుకు ఒక రోజు ముందే కారులో పోయి పట్నమంతా తిరుగుదామంది వదిన. భర్త పోయాక, యాభై దాటిన వయసులో కారు నేర్చుకున్న మనిషి ఆవిడ. హారను మోగకపోతే బండి ముందుకు కదలదని ఆవిడ నమ్మకం. "ఈడ దున్నపోతులు లేవు వదినా, దాని గొంతు కూడా పోగొడతావా ఏంది" అని అక్క అనేసరికి నేను నవ్వబోయి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

చెన్నైలో ఆ రోజు అక్క మాట్లాడినట్టు ఎవరూ మాట్లాడి ఉండరు. పూలమ్మే ముసలమ్మతో, బండి పక్కకు తీయమన్న పోలీసుతో, ఇడ్లీలు తెచ్చిన కుర్రాడితో, ఎవరు దొరికితే వాళ్లతో. పాండీ బజారులో కొనే ఉద్దేశం బొత్తిగా లేని చీరకు అరగంట బేరమాడింది. వాళ్లు అరవంలో అంటారు, ఈమె నెల్లూరు తెలుగులో అంటుంది, ఎవరి మాట ఎవరికి ఎంత అర్థమైందో గానీ చివరికి కొట్టతను మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. మేమిద్దరం మాత్రం దారి పొడుగునా ఆమెను వారిస్తూనే ఉన్నాం. గొంతు అలిసిపోతుంది, సాయంత్రం పాటకు దాచుకో అని. మా దిగులంతా ఆ పాట మీదే ఉండేది. నలభై ఏళ్లుగా వింటున్న గొంతు మర్నాటి నుంచి ఉండదంటే మాకు పోయేది పాట ఒక్కటే అనిపించింది.

పొద్దు వాలుతుండగా మెరీనా ఇసుకలో నిలబెట్టి పాడమన్నాం. వదిన నా ఫోను తీసుకుంది. అక్క అప్పుడూ ఊరుకోలేదు. "మన తూపిలిపాళెం సముద్రమే కదా మే ఇదీ, ఈడ జనం బో ఎక్కువ, అంతే" అని ఏదో చెప్పబోతుంటే, మీట నొక్కబోతున్నాను, మాటలు కూడా వీడియోలో పడతాయి, గమ్మునుండి పాట ఒక్కటే పాడమని వదిన గదమాయించింది. అక్క చెంగు సర్దుకుని పాడింది. పై స్వరం అందక రెండుచోట్ల ఆగింది, మళ్లీ ఎత్తుకుంది. పాట అవగానే మావైపు తిరిగి ఏదో అనబోయింది, వదిన మీట నొక్కేసింది. వీడియోలో అక్క నోరు తెరిచిన చోట బొమ్మ ఆగిపోతుంది. ఏమందో ఎంత తలచుకున్నా మా ఇద్దరికీ గుర్తు రాదు.

ప్రాణం దక్కింది, దేవుడి దయ. గొంతుకు ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటి ఇచ్చారు గానీ, ఆ మర గొంతు తనది కాదని అక్క దాన్ని అలమరలో పెట్టేసి, పలక తెచ్చుకుంది. దూరంగా ఉన్నప్పుడు ఫోనులో రాసి పంపుతుంది. మొదటిసారి ఆమె నుంచి "ఎలా ఉన్నావు? భోజనం చేశావా?" అని వస్తే, కొడుకు చేత రాయించిందనుకున్నాను. రాసింది ఆమే. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ ఉన్నాయి, ఆమె మాత్రం అందులో లేదు. పాట పోతుందని భయపడ్డాం, అది ఫోనులో భద్రంగా ఉంది. మాట పోతుందని మాకు తట్టనే లేదు.

కిందటేడు ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు సిగ్గు విడిచి అడిగాను, నువ్వు మాట్లాడినట్టే రాయి అక్కా, ఒక్కసారి అని. అక్క పలక మీద "ఎట్టుండావు మే" అని రాసింది. దానివంక చూసుకుంది. పిల్లల రాత దిద్దిన చెయ్యి కదా, ఊరుకోలేకపోయింది, బొటనవేలితో చెరిపేసి "ఎలా ఉన్నావు" అని రాసింది. ఆ తర్వాత పలక బోర్లించి ఏడ్చింది. ఏడుపుకీ శబ్దం లేదు.

ఇప్పుడు వదిన మనవరాళ్లు టీవీలో వాళ్లలా మాట్లాడతారు, నాయుడుపేట బజారులో కూడా ఆ పాత మాట ముసలివాళ్ల నోట తప్ప వినబడడం లేదు. అందుకే అక్క దగ్గరికి వెళ్లినప్పుడల్లా పరాయి జిల్లా దాన్నైనా నేనే నెల్లూరు మాట అందుకుంటాను. ఎంతకాలం విన్నా పుట్టి పెరిగిన మాట కాదు కనుక ఎక్కడో ఒకచోట తప్పుతాను. తప్పిన చోట అక్క పెదవులు కదుల్తాయి. వాటిని చూసి దిద్దుకుని మళ్లీ అంటాను.