కత్తెర పడని ఫోటో

నంద్యాల స్టేషన్ రోడ్డులో గురుస్వామి ఫోటో స్టూడియో గురించి ఊళ్ళో రెండు సంగతులు చెప్పుకునేవారు. ఒకటి వాకిట్లో గోడకు బిగించిన అద్దాల పెట్టె, రెండోది గురుస్వామి నోరు. అద్దాల పెట్టెలో ఎప్పుడు చూసినా ఒకే ఒక్క ఫోటో ఉండేది. ఇక ఆ నోటి సంగతి అంటారా, ఒక పెళ్ళికొడుకు చేతికి ఫోటో ఇస్తూ ఆయన అన్న మాటకు ఆ అబ్బాయి మీసం మూడేళ్ళ పాటు పెరగడం మానేసింది. రైసు మిల్లు యజమాని ఒకాయన తన ఫోటో మీద గురుస్వామి అభిప్రాయం విని ఆ నెలలోనే పద్నాలుగు కిలోలు చిక్కిపోయాడు. నమ్మనివాళ్ళకు మిల్లులోని కాటానే సాక్ష్యం అని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆ నోటి ముందు తానే కోరి, నెలకొక శనివారం చొప్పున పదకొండేళ్ళు నిలబడిన మనిషి మాత్రం ఒక్కడే. ఆళ్ళగడ్డ మిషన్ బడిలో లెక్కలు చెప్పే కృపావరం అయివారు.

1973లో దేశం విడిచి వెళ్ళిపోతూ మిషన్ దొరసాని ఒకామె అతనికి తన డబ్బా కెమెరా ఇచ్చిపోయింది. రోలుకు పన్నెండు ఫోటోలు. మొదటి రోలు తీసి, కడిగించడానికి నంద్యాల తీసుకుపోయాడు. గురుస్వామి పన్నెండు ప్రింట్లూ బల్ల మీద వరసగా పరిచి, ఒకసారి ఇటు నుంచి అటు చూసి, సొరుగులోంచి జానెడు పొడుగు కత్తెర బయటికి తీశాడు.

మొదట దొరికింది సండే స్కూలు ఫోటో. ముప్పై మంది పిల్లలు, వెనక మిషన్ గుడి, పక్కన కృపావరం భార్య జీవమ్మ. కత్తెర గుడిని తీసేసింది. పిల్లల్ని పది పది మందిగా తీసేసింది. జీవమ్మను చెవి దగ్గర కోసింది. చివరికి తపాలా బిళ్ళంత ముక్క మిగిలింది. అందులో గుడి మెట్ల మీద ఒక కుక్క నిద్రపోతోంది.

“అయివారూ, నువ్వు తెచ్చిన రోల్లో ఫోటో అంటే ఇదొక్కటే. ఇది గూడా కుక్క గొప్ప, నీది కాదు.”

“తక్కినోళ్ళు ఏం పాపం చేసిరన్నా?”

“నువ్వు చెప్పినట్ల నిలబడిరి. అదే పాపం. కుక్క నీ మాట ఇనలేదు, అందుకే బాగుండాది.”

కృపావరం మొహం మాడిపోయింది. అయినా పోతూ పోతూ వాకిట్లో ఆగి, అద్దాల పెట్టె వైపు చూసి అడిగేశాడు. “ఎప్పుడన్నా నా ఫోటో దీంట్లో పెడతావా అన్నా?”

“నా కత్తెరకు పని పెట్టని ఫోటో ఒకటి తే. ఆ పొద్దు ఉన్నదాన్ని తీసేసి నీది పెడతా. నువ్వు తెచ్చేలోపల ఆ అద్దం అరిగిపోతాదిలే, పో.”

ఆ మాట కృపావరానికి బైబిలు వాక్యంలా పట్టుకుంది. బస్సు శిరివెళ్ళ దాటేదాకా ఆ కుక్క ముక్కనే చూస్తూ కూర్చున్నాడు.

కోసేసిన తునకల్ని కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. జీవమ్మ వాటిని చాప మీద గుమ్మరించి వెతికింది.

“ఇదేందయ్యా, ఫోటోలు తెస్తాననిపోయి తునకలు తెచ్చినావు? ఇదో, ఇది నా కమ్మ. ఇది నా చెవి. నేను యాడ?”

“నువ్వు అడ్డమొచ్చినావంట.”

“నేనా? నిలబడమన్యాది నువ్వే గదా!”

జీవమ్మకు ఫోటో లేదు. ఉండవలసిందే. కానీ 1964లో సంజామలలో వాళ్ళ పెళ్ళి జరిగిన రోజు వాగు పొంగింది. ఫోటోగ్రాఫరు అవతలి గట్టున నిలబడి, కెమెరా నెత్తిన పెట్టుకుని, సాయంత్రం దాకా చేతులూపి వెళ్ళిపోయాడు. మొగుడి చేతికి కెమెరా వచ్చిన రోజు ఆమె ఒకే ఒక్కటి అడిగింది. “తల నుంచి కాళ్ళ దాకా, మొగం కనపడేట్ల, నాది ఒకటి తీయి. చాలు.” కృపావరం అలాగే అన్నాడు. ఆమె ఆ తునకల్ని బిస్కెట్ డబ్బాలో పోసి, మూత పెట్టి, బట్టల పెట్టె మీద పెట్టింది.

గురుస్వామి తిట్లలో పస ఉండేది. అదే కృపావరాన్ని పట్టి లాగింది. “మిట్టమధ్యాన్నం తీస్తే మనుషులకు కండ్లుండవప్పా, గుంతలుంటాయి” అన్నాడు ఒకసారి. కృపావరం ఉదయం వెలుగుకు మారాడు. “ఊరవతల నిలబడి తీస్తాండావా? నాలుగడుగులు ముందుకు పో. నువ్వేమన్నా వాళ్ళకు అప్పున్నావా?” అన్నాడు ఇంకోసారి. కృపావరం దగ్గరికి జరిగాడు. నిలబెట్టి తీయడం మానేసి, పని చేసుకునేవాళ్ళను తీశాడు. నెల నెలకూ కత్తెర తర్వాత మిగిలే ముక్క పెద్దదవుతూ వచ్చింది. తపాలా బిళ్ళ అగ్గిపెట్టె అయింది, అగ్గిపెట్టె పోస్టుకార్డులో సగం అయింది.

ముక్క పెరిగినకొద్దీ మనిషి తగ్గాడు. 1978లో వాళ్ళమ్మ మణెమ్మ చనిపోయినప్పుడు ఆ సంగతి బంధువులకు తెలిసింది. సమాధిలో దించే ముందు, మూత తీసిన పెట్టె చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో తీయించుకోవడం వాళ్ళలో ఆనవాయితీ. ఆ ఫోటో కొడుకే తీశాడు.

“చిన్నమ్మా, ఆ పక్కకు పోయి ఏడువు. నీ నీడ అమ్మ మీద పడతాంది. అప్పా, పెట్టె తల పక్క ఒక జానెడు ఎత్తండి, వెలుగు చాలదు.”

“ఎత్తితే జారతాదిరా!”

“కాళ్ళ కాడ ఒకరు పట్టుకోండి మరి.”

పట్టుకున్నారు. బతికుండగా ఎవరు చెప్పినా కుదురుగా కూర్చోని మణెమ్మ, కొడుకు ఫోటో కోసం ఆ రోజు ఏటవాలుగా పావుగంట ఉంది.

గురుస్వామి ఆ ఫోటోలో బంధువులందరినీ కోసేశాడు. పెట్టెను కూడా కోసేశాడు. మిగిలింది ఒక మూల పారకు గడ్డం ఆనించి నిలబడ్డ గుంత తవ్వే ఏసయ్య ఒక్కడే. “ఈయప్ప ఒక్కడే నీ కెమెరా తట్టు చూడల్యా” అన్నాడు. కృపావరం ఏసయ్య ముక్కనే గోడకు తగిలించాడు. పినతల్లి ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

ఆ ఏడే గురుస్వామి అతనికి బ్లేడు పని నేర్పాడు. “కాగితం కోస్తే ఏమొస్తాది? నెగటివ్ మీద గీకితే గీకిన చోటంతా ప్రింటులో నల్లగా వస్తాది. వెనక చీకటి ఉంటే, ఆడ ఒకటి ఉన్యాదని నరమానవుడికి తెలీదు. కాకపోతే ఒకటి, గీకినాక మళ్ళ రాదు. సూసుకో.” కృపావరం చూసుకోలేదు, నేర్చుకున్నాడు. ఇంటి కిటికీ అద్దానికి నెగటివ్ ఆనించి, చీకటి చెట్ల ముందున్న కరెంటు స్తంభాల్ని, దండెం మీది బట్టల్ని, పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడిన హెడ్‌మాస్టర్‌ను గీకేశాడు. జీవమ్మ మోచేయి, జీవమ్మ కొంగు, జీవమ్మ వీపు కూడా అలాగే పోయాయి. ఏ ఫోటోలో చూసినా ఆమె ఏదో ఒక పక్క ఉండేది, ఆశతో.

1984 సంక్రాంతి పోయాక ఒక ఉదయం ఆమె వాకిట్లో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. వెనక తలుపు తీసి ఉంది, లోపల చీకటి. ఎదురెండలో పొట్టు బంగారు పొడిలా లేస్తోంది. కృపావరం కెమెరా తీసుకుని మోకాళ్ళ మీద వంగాడు. అంతలో కోడిపెట్ట ఒకటి ఎగిరొచ్చి చేట మధ్యలో దిగబడి, తానెక్కడుందో తెలియక ఆమె మొహంలోకి చూసింది. జీవమ్మ పకపకా నవ్వింది. కోడి ఎగిరిపోయింది. నవ్వు ఇంకా ఉంది. చేట లేచింది. కృపావరం నొక్కాడు.

రోలు కడిగించి తెచ్చిన నెగటివ్‌ను కిటికీకి ఆనించి చూశాడు. గాలిలో పొట్టు, చేట అంచును పట్టుకున్న రెండు చేతులు, నరాలతో సహా. పైన ఆమె మొహం. ముందు పళ్ళ సందు కనపడేట్టు నవ్వుతున్న నిండు మొహం. పదకొండేళ్ళుగా ఆమె అడిగింది అదే.

చాలాసేపు చూశాడు. గురుస్వామి మాట చెవిలో మోగింది. ‘ఒక ఫోటోలో రెండు ఫోటోలు పెడితే రెండూ పోతాయప్పా.’ చూసేవాడి కన్ను ముందు ఆ నవ్వు మీదికి పోతుంది, చేతులు వెనకబడతాయి. కత్తెర లేస్తుంది.

కృపావరం బ్లేడు తీసుకున్నాడు. ముందు నవ్వు గీకాడు. తర్వాత గడ్డం, చెంపలు, కమ్మలు. నుదురు. కళ్ళు చివర్న గీకాడు.

“ఏం చేస్తాండావయ్యా ఆడ?” వంటింట్లోంచి జీవమ్మ కేక వేసింది.

“సరిచేస్తాండా.”

శనివారం గురుస్వామి ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని కత్తెర కూడా తీసుకున్నాడు. నాలుగు పక్కలా తిప్పాడు. కత్తెర బల్ల మీద పెట్టేశాడు. పదకొండేళ్ళలో అది ఖాళీగా బల్ల మీదికి చేరడం అదే మొదటిసారి.

“ఆయమ్మ మొగమేమాయ?”

“అడ్డమొచ్చె. తీసేసినా.”

గురుస్వామి ఫోటో పక్కన పెట్టి, ఫోటో తీసినవాడి వైపు కాసేపు చూశాడు. “నేను కాగితం కోస్తాంటి అయివారూ. నువ్వు నన్ను మించినావ్.”

కృపావరం దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఫోటో అద్దాల పెట్టెలోకి ఎక్కింది.

“మే, నీ ఫోటో నంద్యాల అద్దాల పెట్టెలో పెట్టినారు” అని ఇంటికి వచ్చి చెప్పాడు. జీవమ్మ నమ్మలేదు. నమ్మాక ఆగలేదు. ఆదివారం ఆరాధన అయిన వెంటనే బట్టల పెట్టె అడుగున ఉన్న పట్టు చీర కట్టుకుంది. చెల్లెలు లూదియాను పిలిచింది. దారిలో కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పింది. బస్సులో కండక్టర్‌కు కూడా చెప్పింది. కృపావరం కోటు, టై వేసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

అద్దం ముందు ముగ్గురూ నిలబడ్డారు. లూదియా ముక్కు అద్దానికి ఆనించి వెతికింది. “అక్కా, నువ్వు యాడుండావే?”

జీవమ్మ మొగుడి వైపు తిరిగింది.

“బావా, మా అక్క మొగమేదీ?”

“మొగం ఉంటే చేతులు చూడరు లూదియా. ఫోటో అంటే అదే. మీకు చెప్పినా తెలీదు.”

“మొగం లేకుంటే ఎవరి చేతులని చూస్తారు బావా?”

జీవమ్మ తన రెండు చేతులూ ఎత్తి అద్దంలోని చేతుల పక్కన పెట్టి చూసుకుంది. “నావే” అంది. తర్వాత కొంగు సర్దుకుని లోపలికి నడిచింది.

“గురుస్వామన్నా, మా ఇద్దరికీ ఒక ఫోటో తీయి.”

కృపావరం ఉబ్బిపోయాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడి, కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. “అన్నా, ఎడమ పక్క లైటు కొంచెం దించు.”

“నోరు మూసుకో అయివారూ. ఇప్పుడు నువ్వు బొమ్మవి.”

నెల ఆగలేక మరుసటి శనివారమే కృపావరం కొత్త రోలుతో దిగాడు. రోడ్డు అవతలి నుంచే అలవాటుగా అద్దాల పెట్టె వైపు చూశాడు. చేట లేదు. దగ్గరికి పోయాడు.

కుర్చీలో జీవమ్మ కూర్చుని ఉంది. తల నుంచి కాళ్ళ దాకా. నవ్వడం లేదు. నేరుగా చూస్తోంది, ఎదుట నిలబడినవాడు పక్కకు జరగాలనిపించేలా. ఆమె పక్కన ఎవరూ లేరు. ఫోటో అంచు కుర్చీని ఆనుకుని నిట్టనిలువుగా తెగింది. కుర్చీ వీపు మీద మాత్రం నాలుగు వేళ్ళు మిగిలాయి.

“బుధవారం ఒకతే వచ్చె” అన్నాడు గురుస్వామి వాకిట్లోకి వచ్చి. “ఫోటో చేతికిస్తి. చూసుకునె. నా కత్తెర అడిగె. నీకు పదకొండేండ్లు నేర్పితినా, ఆయమ్మ ఒక్క ఏటుకు కోసె. నేను గూడా అంత నేరుగా కోయలేను.”

“నా ఫోటో?”

“పెట్టెలో పట్టేది ఒకటేనని నీకు తెలీదా?”

కృపావరం అద్దం మీదికి వంగాడు. “ఆ వేళ్ళు మిగిలిపోయినాయే” అన్నాడు.

“నేనూ అదే అంటి, తీసేద్దామమ్మా అని. ఆయమ్మ వద్దనె. మొగమెందుకన్నా, చేతులుంటే చాలనె.”

కృపావరం అద్దం ముందు నిలబడి పదకొండేళ్ళు నేర్చుకున్న చూపుతో ఆ ఫోటోను చూశాడు. పైన చూశాడు, కింద చూశాడు, రెండు పక్కలా చూశాడు. తీసేయడానికి ఏమీ దొరకలేదు. కొత్త రోలు జేబులోనే ఉంచుకుని బస్సెక్కాడు.

ఇంటికి వచ్చేసరికి జీవమ్మ పెరట్లో ఉంది. “నా సగం యాడ?” అని అడిగాడు.

“తునకలు యాడుంటాయి? డబ్బాలో.”

బిస్కెట్ డబ్బా మూత తీశాడు. చెవులు, మోచేతులు, కొంగు చివరలు, పదకొండేళ్ళుగా తెగిపడిన జీవమ్మ. అన్నిటికీ పైన కోటు, టై వేసుకుని ఒక మనిషి, ఒక చేతికి వేళ్ళు లేకుండా. అందరూ కెమెరా వైపు చూసే చోట వాడు కెమెరా వైపు చూడటం లేదు, భార్య వైపూ చూడటం లేదు. మెడ సాచి, లైటు సరిగా పడుతుందో లేదో పక్కకు చూసుకుంటున్నాడు. వీడు ఉంటే ఫోటో పాడైపోతుందని చెప్పడానికి గురుస్వామి అక్కర్లేదు.

“ఏం చేస్తాండావయ్యా ఆడ?” పెరట్లోంచి జీవమ్మ అడిగింది.

కృపావరం మూత పెట్టేశాడు.

“ఏం ల్యా.”