జాగ లేదన్నాను

మా నాన్న చిలకలగూడలోని మా చర్చి క్వాయర్‌లో ముప్పయ్యేళ్లు పాడాడు. రిటైరయ్యాక ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, మైకు పెట్టుకుని కీర్తనలు రికార్డు చేసుకునేవాడు. ఒకరోజు డ్రైవ్ నిండిపోయి నా ఆఫీసు ఫైలు సేవ్ కాలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"జాగ లేదు నాన్నా. ఎన్నని దాస్తవ్?" అన్నాను.

"నావి తీసెయ్ బిడ్డా. నీ పని ఆగొద్దు."

అన్నీ తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఆయన మళ్లీ మైకు ముట్టుకోలేదు. పోయినేడు గొంతుకు ఆపరేషన్ అయింది. అప్పటినుంచి మాట గుసగుసలాగే వస్తోంది.

మొన్న కంప్యూటర్ నెమ్మదించిందని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. హార్డ్ డిస్కులో సగానికి నల్లటి పట్టీ, దాని కింద 'అన్‌అలొకేటెడ్' అని ఉంది. కొన్న రోజు షాపతను ఆ సగాన్ని డ్రైవ్‌గా చేయకుండా ఖాళీగా వదిలేశాడు. ఇన్నేళ్లలో నేనూ ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. దాన్ని కొత్త డ్రైవ్‌గా చేసుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సంబరంలో నాన్నను పిలిచి చూపించాను. "మస్తు జాగ ఉన్నది నాన్నా," అంటూనే నాలుక కరుచుకున్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని తెర మీది ఖాళీ డ్రైవ్‌ను కాసేపు చూశాడు. తర్వాత నాకు వినబడాలని కొంచెం ముందుకు వంగాడు.

"గొంతు ఉన్నప్పుడు జాగ లేకుండె బిడ్డా."