కింది లైనుకి అందని బొట్టు

పొద్దుటి నుంచి కూర్చోవడం, లేవడం. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్లి వస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలాగయితేనే ఈ మాట బయటికి వస్తుంది. పాతికేళ్లు పైబడి దీన్ని మోస్తున్నాను. గుడికి వెళ్లినా మోసుకునే వెళ్లాను, మోసుకునే తిరిగొచ్చాను. పోర్ట్‌బ్లెయిర్‌లో, మా జంగ్లీఘాట్‌లో ఒక మనిషి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడో తలా ఒక మాట చెప్పారు. ఆ మాటల్లో ఎక్కడా నా పేరు లేదు. ఉండాల్సింది.

ఆయన్ని నూకరాజు అందాం. అసలు పేరు కాదు. మా వార్డు కౌన్సిలరు. ఢిల్లీలో ఏలుతున్న పార్టీయే ఆయనదీ. నాకు రక్తసంబంధం ఏమీ లేదు కానీ పక్క పక్క ఇళ్లలో పెరిగాం కాబట్టి అన్నయ్య అనేదాన్ని. ఆయన భార్య పైడమ్మ నాకు వదిన. అన్నయ్య దేవుడేమీ కాదు. రెండోసారి గెలిచాక గొంతు పెరిగింది, జీపు వచ్చింది, జీపు చుట్టూ జనం వచ్చారు. అయినా ఎవరికైనా ఒంట్లో బాగోక విశాఖ పంపాలంటే, ఓడ టికెట్ దొరక్కపోతే, హాడో రేవులో ఓడల ఆఫీసు మెట్ల మీద తనే కూర్చుని సంపాదించేవాడు.

రేవు పక్కన, వాలులో ఉండే ఇళ్లని కింది లైను అంటాం. అందరూ శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన వేటోళ్లే. మగాళ్లు వేటకి పోతే ఆడవాళ్లు చేపలు ఎండబెడతారు. ఆ లైను అన్నయ్యకి పెట్టని కోట. కుళాయి రోజు విడిచి రోజు వచ్చినా ఓటేశారు. ఐసు దొరక్క చేప కుళ్లిపోయినా తిట్టుకుంటూనే ఓటేశారు. మనోడు కదా అనేవారు. చేపలు ఆరబెట్టుకోవడానికి రేవులో సిమెంటు గచ్చు వేయిస్తానని ఆయన మాటిచ్చాడు, రాళ్లు కూడా తోలించాడు.

నేను పుట్టింది ఆ లైనులోనే.

అన్నయ్య కూతురి పెళ్లి మాఘమాసంలో పెట్టారు. కార్డులు అచ్చు వేయించారు, షాపుల్లో ఇచ్చారు, ఆటోకి మైకు కట్టి అందరూ రావాలని చెప్పించారు. కానీ మా వాళ్లలో కార్డు పిలుపు కాదు, మైకు అసలే కాదు. ఇంటి ఇల్లాలో, ఆవిడ తరఫున ఇంకో ముత్తయిదువో గడప గడపకీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టని ఇంటి నుంచి ఆకలితో ఉన్నవాడు కూడా రాడు. ఆ వేళ విశాఖ ఓడలో పెళ్లివారు దిగుతున్నారు. వదిన హాడో వెళ్లి వాళ్లని దింపుకోవాలి. అందుకని కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. "ఒక్క గడప కూడా వదలకే. ముందు కింది లైనుకెల్లు" అంది.

నేను ముందు పై వీధులకి వెళ్లాను. అన్ని ఇళ్లకీ పెట్టాను. కింది లైనుకి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో తర్వాత చెప్తాను. ఇప్పుడే చెప్పమంటే చెయ్యి ఆడటం లేదు.

పెళ్లి భోజనాల్లో బంతులు నిండలేదు. అన్నం గుండిగలు అలాగే ఉండిపోయాయి. వదిన నన్ను పక్కకి లాగింది. "కింది లైనోళ్లు ఒక్కరూ రానేదేటే? బొట్టెట్టినావా?" అని అడిగింది. "ఎందుకెట్టనొదినా, ఇంటింటికీ ఎట్టినాను. ఏటకెల్లుంటారు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! అప్పటికీ మించిపోయింది లేదు. పరుగెత్తుకెళ్లి కాళ్లు పట్టుకుని పిలుచుకు వచ్చినా సరిపోయేది. మావాళ్లు తిడతారు, తిట్టి వస్తారు. కానీ నేను వడ్డన వైపు వెళ్లిపోయాను.

ఆ వానాకాలం అయ్యాక ఎన్నికలు వచ్చాయి. అన్నయ్య దండలు వేసుకుని కింది లైనులో దిగాడు, వెనక వదిన, ఆమె వెనక నేను. ప్రతిసారీ హారతి పళ్లేలతో ఎదురొచ్చే ఇళ్లలో ఈసారి తలుపులు ఓరగా వేసి ఉన్నాయి. పోలమ్మత్త ఒక్కతే అరుగు మీద కూర్చుంది. మా అమ్మ చేపల గంప ఎత్తుకుని బజారుకి పోతే నాకు తల దువ్విన మనిషి ఆవిడ.

"రా బాబూ, రా. ఓటుకయితే మా గడప అవుపించింది. ఆడపిల్ల పెళ్లికి అవుపించనేదేటి?"

అన్నయ్యకి అర్థం కాలేదు. "అదేటత్తా, మైకులో సెప్పించినాను కదా అందర్నీ రమ్మని" అన్నాడు.

"మైకులో పిలిస్తే మీటింగుకొస్తారు నాయినా. పెళ్లికొస్తారేటి? పిలవని పేరంటానికెల్లీవోళ్లమా మేం?"

గోడకి ఆనుకున్న కుర్రాడెవడో అందుకున్నాడు. "ఓట్ టైమ్‌కే మేం యాదొస్తాం భయ్యాకి."

అన్నయ్య వెనక్కి తిరిగి వదినని చూశాడు. వదిన నన్ను చూసింది. నేను నేల చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు, ఆ నేల మీది చేప పొలుసులు ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి. అప్పుడు వదిన గొంతు వినిపించింది. "తప్పు నాదే పోలమ్మత్తా. నేనే మరిసిపోనాను."

నా పేరు చెప్పలేదు. పంపిన మనిషి చేసిన తప్పు పంపినవాళ్లదే అనుకునే మనిషి ఆమె. కానీ ఆ మాటతో పని ఇంకా చెడింది. కోపం వచ్చి పిలవలేదంటే కొట్లాడి కలిసిపోయేవారు. మర్చిపోయిందట! ఇన్నేళ్లు ఓట్లేసిన లైనుని మర్చిపోయిందట!

పైకి ఎక్కుతుంటే వదిన నా పక్కకి వచ్చింది. "నిజం సెప్పు. ఎల్నావా, నేదా?"

"వానొచ్చేసింది వదినా. తెల్లారి ఎల్దామనుకున్నాను. పెళ్లి హడావుడిలో మరిసిపోనాను."

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "సర్లే. వానకి నువ్వేటి సేస్తావు. మీ అన్నయ్యతో అనకు. నీ మీద పడతాడు" అంది.

అన్నయ్య ఓడిపోయాడు. కింది లైను మొత్తం అవతలి గుర్తుకి గుద్దేసింది. గోల్ ఘర్ సెంటరు టీ కొట్లలో చాలా రోజులు ఇదే మాట. నీళ్లు అన్నారు. ధరలు అన్నారు. జీపు అన్నారు, పొగరు అన్నారు, ఢిల్లీ గాలి మారింది అన్నారు. మా ఆయన కూడా పేపరు మడిచి పెద్ద విశ్లేషణ చెప్పాడు. నేను ఊఁ కొడుతూ టీ పోశాను. వాళ్లు చెప్పినవేవీ అబద్ధాలు కావు. అందుకే నాకు మరీ చిరాకు. నీళ్ల బాధ ఉంది, ధరల బాధ ఉంది, అవన్నీ అంతకుముందూ ఉన్నాయి. మనోడు అనుకున్నన్నాళ్లు జనం ఎంత బాధయినా ఓర్చుకుంటారు. నువ్వు మా వాడివి కాదు అని ఒక్కసారి అనిపించిందా, అప్పుడు పాత కుళాయిల దగ్గర నుంచి లెక్క తీస్తారు. నేను బొట్టు పెట్టి ఉంటే గెలిచేవాడా? ఏమో. ఓడినా, ఇంత తేడాతో ఓడేవాడా? అన్నీ నేనే చేశానని అనుకోవడం కూడా ఒక రకం గొప్పేనేమో? ఇలా అడుగుతూ అడుగుతూ నన్ను నేను వదిలించుకోవాలని చూస్తాను, వదలదు. ఎందుకంటే ఓటు సంగతి ఎటు పోయినా వదిన సంగతి ఉంది.

ఊళ్లో ఒకటే మాట స్థిరపడింది. పైడమ్మ పొగరు మొగుణ్ణి ముంచింది. అన్నయ్య కూడా అదే నమ్మాడు. నలుగురు కూర్చున్న చోట "మా ఆవిడ మతిమరుపు" అని నవ్వేవాడు, ఇంట్లో ఆ నవ్వు ఉండేది కాదు. ఆమె వడ్డించిన కంచం ముందు మాట్లాడకుండా తిని లేచిపోవడం నేనే చూశాను. వదిన పేరంటాలకి వెళ్లడం మానేసింది. ఎవరైనా బొట్టు పిలుపులకి తోడు రమ్మంటే, మర్చిపోయే మనిషిని నన్నెందుకు తీసుకెళ్తారులే అనేది. నేను అక్కడే ఉండేదాన్ని, పోపు పెట్టడమో, పూలు కట్టడమో చేస్తూ. కొత్త కౌన్సిలరు వచ్చాక సిమెంటు గచ్చు ఆగిపోయింది. పోలమ్మత్త పోయేదాకా రోడ్డు వారనే చేపలు ఎండబెట్టుకుంది. అన్నయ్య మూణ్నాలుగేళ్ల కిందట పోయాడు. చివరిదాకా ఆయనకి తెలియలేదు. వదిన చెప్పలేదు, నా మీద పడతాడని. ఇక ఇప్పుడు ఆమె ఎవరికీ బొట్టు పెట్టే మనిషి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాక చెయ్యి ఆడలేదన్నాను కదా.

ఆ పెళ్లికి మా ఆయన ఆఫీసు వాళ్లు వస్తున్నారు. ఆయన హాడోలో హార్బరు క్లర్కు, మేము అప్పటికే గవర్నమెంటు క్వార్టర్సులో ఉంటున్నాం. మా నాన్నది బోటు బిజినెస్ అని ఆఫీసు ఆడవాళ్లకి చెప్పుకున్నాను. నాన్నకి బోటు లేదు, ఇంకొకరి బోటులో వల లాగేవాడు. నేను చిన్నప్పుడు ఎండబెట్టిన నెత్తళ్ల చేపల మీద కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చునేదాన్ని. అందుకని కింది లైనంతా నన్ను నెత్తళ్ల పిల్ల అంటుంది. ముద్దుగానే. ఎక్కడ కనపడినా "ఓలమ్మ, మా నెత్తళ్ల పిల్లే!" అని బజారంతా వినపడేలా పిలుస్తారు. ఆ పిలుపు పెళ్లిపందిట్లో, ఆ పట్టుచీరల మధ్య వినపడితే? ఆ భయంతో వాలు మలుపు దాకా వెళ్లి ఆగాను. కింద పోలమ్మత్త వంగి చాప మీద చేపలు పరుస్తోంది. నన్ను చూడలేదు. చూసి ఉంటే పిలిచేది, పిలిస్తే వెళ్లేదాన్నే. నేను వెనక్కి తిరిగాను.

భరిణెలో కుంకుమ సగం మిగిలిపోయింది. వదిన మూత తీస్తే తెలిసిపోతుంది. పక్కనే మురుగు కాలువ. అటూ ఇటూ చూసి అందులోకి వంచేశాను. ముత్తయిదువని, చేతులారా కుంకుమని కాలువలో పోశాను. ఎండాకాలం ముంచుకొస్తున్న రోజులేమో, కాలువలో నీళ్లు లేవు. కుంకుమ కొట్టుకుపోలేదు. ఎర్రగా అక్కడే ఉండిపోయింది. చెప్పుతో మట్టి కప్పి వచ్చాను.

వాన అన్నానే, ఆ నెలల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో వాన ఎక్కడిది? మేమంతా బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం కాసుకునే రోజులవి. ఆ సంగతి వదినకి తెలియదా? తెలిసే నా భుజం మీద చెయ్యి వేసిందా? ఇదే నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. నమ్మి క్షమించిందో, నమ్మకుండా నా పరువు కాపాడిందో. రెండోదయితే ఆమె ముఖం ఎలా చూడను? రోజూ చూస్తూనే ఉన్నాను అనుకోండి.

మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఈ కాగితం వాళ్ల చేతిలో పడినా ఇందులో ఏముందమ్మా అని నన్నే అడుగుతారు. వదిన మాత్రం చదువుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, పకోడీలు కట్టిన కాగితమయినా సరే, చివరి అక్షరం దాకా. అందుకే తెలుగులో రాశానేమో. దాచుకోవడానికో, దొరికిపోవడానికో నాకే తెలియదు. క్షమించమని అడగను. అడిగితే మళ్లీ సర్లే అంటుంది, ఆ సర్లే నాకు వద్దు. చెప్పాల్సింది ఒక్క మాట, అది చెప్పేస్తే ఇవాళ్టికి కాస్త కూర్చోగలను.

ఆ రోజు వాన పడలేదు వదినా.