సున్నా అని రాసిన సింహాచలం బావ

నిన్న పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"మీ బావని ఎంత లేపినా లెగట్లేదురా" అంది. అంతే.

నేను పళ్ళు తోముకుంటున్నాను. నోరైనా కడుక్కోకుండా బండి తీశాను. నేను వెళ్ళేసరికే డాక్టర్ చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మొన్న సాయంత్రం నాతో కూర్చుని టీ తాగిన మనిషి. పంచదార తక్కువైందని రెండుసార్లు సణిగిన మనిషి.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

బావ గురించి తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. సింహాచలం బావ మా అక్క భర్త. కళింగపట్నం దగ్గర మా ఊళ్ళో పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. తీరంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ పిల్లల కోసం చిన్న సెంటర్ పెట్టాడు. ఒక రేకుల షెడ్డు, ఇద్దరు ఆయాలు. తల్లులు పనిలో ఉన్నంతసేపూ పిల్లలు నీడన ఉండాలి, వేళకి ఇంత తినాలి. బావ కోరుకున్నది అంతకు మించి ఏమీ లేదు.

బావ ప్రెసిడెంట్. నేను సెక్రటరీ. ఇంగ్లీషు వచ్చిన పాపానికి ప్రపోజల్స్ అన్నీ నా నెత్తినే.

కొన్నేళ్ళ కిందట, మాకు సాయం చేసే దాతలు ఇక ఇవ్వలేమన్నారు. అదే టైమ్‌లో ఒక ప్రైవేట్ ఫౌండేషన్ గ్రాంట్ ప్రకటించింది. సామాజిక సమానత్వం కోసం పనిచేసే చిన్న సంస్థలకు మూడేళ్ళ పాటు డబ్బు ఇస్తారట.

వస్తే సెంటర్ నిలుస్తుంది. రాకపోతే మూతే.

ఆన్‌లైన్ ఫారంలో ఒక ప్రశ్న. మీరు ఎవరి కోసం పనిచేస్తున్నారో, వాళ్ళు మీ కమిటీలో ఎంతమంది ఉన్నారు?

మా కమిటీలో ఏడుగురం. అందరం మగాళ్ళమే. రైతులు, షాపులవాళ్ళు, నాలాంటి టీచర్లు. చేపల పని చేసేవాళ్ళు ఒక్కరూ లేరు. సమానత్వం గురించి పేజీలకు పేజీలు రాసిన నాకు కూడా ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

"ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు రాసేద్దాం బావా. సంతకాలు తర్వాత పెట్టించుకుందాం" అన్నాను.

బావ కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"ఏటిరా, ఆళ్ళకి తెలీకండా ఆళ్ళ పేరెట్టేస్తావా? సున్నా అని రాయి."

"సున్నా రాస్తే గ్రాంట్ ఎవడిస్తాడు?"

"ఉన్నది సున్నాయే కదేటి. రాయి మరి."

నాకు ఒళ్ళు మండిపోయింది. లాప్‌టాప్ ఆయన వైపు తోసేశాను. కీబోర్డ్ మీద కాసేపు వెతుక్కుని, ఒంటివేలితో సున్నా కొట్టి, పంపించమన్నాడు.

తర్వాత ఫౌండేషన్ నుంచి ఒక మేడమ్ మమ్మల్ని చూడటానికి వచ్చారు. బావ ఆవిణ్ణి నేరుగా చేపలు ఎండబెట్టే చోటికే తీసుకెళ్ళాడు. అక్కడున్న ఆడవాళ్ళని, మీరెందుకు కమిటీలోకి రాలేదని అందరి ముందూ అడిగేశాడు.

వాళ్ళు మొహమొహాలు చూసుకుని నవ్వారు. మహాలక్ష్మి అనే ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మమ్మల్నెవులు పిలిసేరు బాబూ? మీరు మీటింగెట్టేది సెక్రట్రీ బాబు అరుగు మీద. సేపలమ్మడానికొస్తే మేం ఆ అరుగు కింద నిల్సుంటాం. ఎప్పుడైనా ఎక్కేమేటి?"

అది మా ఇంటి అరుగు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

ఆ ఏడాది గ్రాంట్ రాలేదు. కమిటీ మార్చుకున్నాక మళ్ళీ అప్లై చేయమని మర్యాదగా మెయిల్ పెట్టారు. షెడ్డుకి అద్దె, ఆయాలకి జీతం లేక సెంటర్ మూతపడింది.

"నీ సున్నా వల్లే పిల్లలు ఎండన పడ్డారు" అని బావ మొహం మీదే అనేశాను. ఆయనతో మాట్లాడటం మానేశాను.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే సైకిలేసుకుని తీరానికి పోయేవాడట. తాటాకు పందిరి వేయించి, అక్క రాగిపిండితో కాచిచ్చిన చోడంబలి పిల్లలకి పోస్తూ మధ్యాహ్నం దాకా అక్కడే. ఒకరోజు ఉండబట్టలేక చూడ్డానికి వెళ్ళాను.

ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒకడు ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఇంకోడు మీసం పట్టుకుని లాగుతున్నాడు. పేపరు మడిచి ఈగలు తోలుతున్నాడు బావ.

నన్ను చూసి, నిన్ననే మాట్లాడుకున్నట్టు, "ఒరే, ఈడి ముక్కు తుడు" అన్నాడు.

తుడిచాను. అలా మళ్ళీ మాటలు కలిశాయి.

ఆ వేసవిలోనే బావ ప్రెసిడెంట్‌గా తప్పుకున్నాడు. కమిటీలోకి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళే మహాలక్ష్మిని ప్రెసిడెంట్ చేసుకున్నారు. మీటింగులు వాళ్ళ పని అయ్యాక, ఆ తాటాకు పందిరి కిందే. రెండోసారి గ్రాంట్ వచ్చింది. సెంటర్ తెరుచుకుంది, ఇప్పటికీ నడుస్తోంది.

నిన్న వార్త తెలిసి మహాలక్ష్మి పరుగున వచ్చింది. బావ కాళ్ళ దగ్గర కూలబడి చాలాసేపు ఏడ్చింది. కాస్త తేరుకున్నాక పక్కకి పిలిచి, "ఇవాళ సెంటర్‌కి సెలవిచ్చేద్దాం, బావకి గౌరవంగా ఉంటుంది" అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"సెలవు లేదు సెక్రట్రీగారూ. నానివ్వను. ఈయన పోయేడని పిల్లలకి ఆకలెయ్యదేటి?"

నేను సెక్రటరీని. ప్రెసిడెంట్ వద్దంటే వద్దు, అంతే.

బావని తీసుకెళ్ళే వేళకి సెంటర్‌లో పిల్లలు అన్నాలు తింటున్నారట.

బావా, అప్పుడు నీదే రైటు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నీతో ఈ మాట అనలేదు. అనాల్సింది.

ఇంక విశ్రాంతి తీసుకో. వెళ్ళిన చోట నీ ఆత్మ చల్లగా ఉండాలి బావా.