పడని ఇల్లు

మొన్న పక్క ఫ్లాటావిడ ప్రేమగా ఒక సబ్బు తెచ్చి ఇచ్చింది, అంతా ఆయుర్వేదమే, ఏమీ చెయ్యదు అంటూ. పెట్టె విప్పగానే వేపాకూ కానుగ నూనే కలిసిన వాసన ముక్కుకి తగిలింది, నా చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది. ఏమీ చెయ్యదు అన్న వస్తువు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. సబ్బు ఇంకా కిటికీలోనే ఉంది, నేను దాన్ని ఓరకంట చూస్తూనే ఉన్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అనకాపల్లిలో నేను ఐదో క్లాసు చదువుతుండగా, నా మెడ వెనక ఎర్రగా పొక్కి దురద మొదలైంది. చెరకు ఆడే కాలం, ఊరంతా బెల్లం పాకం వాసన, వీధి పిల్లలందరూ వేడి బెల్లం ఆకుల్లో పెట్టుకుని నాకుతుంటే నాకు మాత్రం పథ్యం. పొద్దున్నే వేపాకు మరిగించిన నీళ్ల స్నానం, దాని మీద కానుగ నూనె, బడి నుంచి రాగానే ఉప్పేసి నూరిన కుప్పింటాకు పసరు, ఇవి చాలవన్నట్టు ఆయుర్వేదం ఆచారిగారి చేదు చూర్ణం తేనెలో. నానమ్మకి వంకాయ మీద అనుమానం, గోంగూర మీద అనుమానం, ఎండుచేపలు సరేసరి, ఆఖరికి పుట్టిన ఊరి బెల్లం మీద కూడా అనుమానమే. ఒక్కోదాన్నీ నిలదీసి వంటింట్లోంచి పంపించేసింది. దురద మాత్రం కదల్లేదు.

ఆచారిగారు నాడి చూసి, ఈ పిల్లకి ఏదో పడటం లేదమ్మా అన్నారు. మనకి ఆ మాట తిండికీ మనుషులకీ ఒకటే కదా, కూర పడదంటాం, తోడికోడలు పడదంటాం. నానమ్మ ఆ రెండింటికీ మధ్య గోడ కట్టుకునే మనిషి కాదు.

మా పక్కింట్లో సువార్తత్త ఉండేది. పొద్దస్తమానం మిషను మీద జాకెట్లు కుట్టేది. వాళ్లమ్మాయి రూతు నా క్లాసే. బడి అవగానే నేను వాళ్లింట్లోనే పడుండేదాన్ని, గుడ్డపీలికల బొమ్మలు చేసుకుంటూ, రూతు కంచంలోదే తింటూ, అత్త క్రిస్మస్‌కి వండిన అరిసెలు మా ఇంట్లోవాటికంటే మెత్తగా ఉంటాయని పైకి అనకుండా మింగుతూ. అడిగి పెట్టడం, అడిగి తినడం ఆ ఇంట్లో లేదు. నానమ్మ చూపు అక్కడ ఆగింది. ఒక సాయంత్రం పెరట్లో నా మెడకి పసరు రాస్తూ తీర్పు చెప్పేసింది.

"ఆదోరం ఆళ్లు సర్చికి పోతారు, నువ్వాళ్లింటికెల్లవు. ఆరోజు దురద తగ్గుతాది. ఇంకేటి కావాలి? ఆళ్లిల్లు నీకు పడదు."

గోడ అవతల మిషను చప్పుడు ఆగిపోయింది.

ఆదివారం నిజంగానే నెమ్మదించేది, ఎలా కాదనను? నాక్కూడా అనుమానం పట్టుకుంది. రూతు టిఫిన్ డబ్బా తెరిస్తే వాసన చూసేదాన్ని. ఆ తర్వాత నన్ను వాళ్లింటికి వెళ్లనివ్వలేదు. గోడకి ఇవతల కూర్చుని మిషను చప్పుడు వింటుంటే ఏడుపొచ్చేది. నూకాలమ్మ పండగ వెళ్లి వేసవి సెలవులొచ్చాక మెడ నున్నగా తేరింది, చూసేరా అని నానమ్మ వీధంతా చెప్పుకుంది. ఆ సెలవుల్లోనే సువార్తత్త వాళ్లు తుమ్మపాల మారిపోయారు.

బళ్లు తెరిచారు. వారం తిరక్కుండా దురద మళ్లీ వచ్చింది. పక్కిల్లు తాళం వేసే ఉంది, ఈసారి ఎవర్ని అనాలో నానమ్మకి తోచలేదు. నాకు జడేస్తున్న అమ్మ, పొక్కులు వరసగా మూడు చోట్ల ఉండటం చూసి, నా యూనిఫాం కాలరు వెనక్కి తిప్పింది. బట్టలు ఉతికే అప్పన్న, ఏ ఇంటివి ఏవో కలిసిపోకుండా నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవాడు. మా ఇంటికి మూడు చుక్కలు. ఇంట్లో వేసుకునే గౌన్లు అమ్మే ఉతికేది కాబట్టి వాటికి గుర్తు లేదు, ఆదివారం యూనిఫాం లేదు.

"అత్తా, ఇది సూడండి," అంది అమ్మ నానమ్మతో, చుక్కల్ని పొక్కుల మీద ఆనించి.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. నల్లజీడి రసం కొందరి ఒంటిని పొక్కిస్తుంది, అదీ చెట్టున కాసిందే, సహజమే. అప్పన్న అప్పట్నుంచి మా బట్టలకి ఎర్రదారం కుట్టేవాడు, మెడ పూర్తిగా మానిపోయింది. ఆ వారమే నానమ్మ బెల్లం దిమ్మ ఒకటి సంచిలో వేసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆటోలో తుమ్మపాల వెళ్లింది. దారిలో రెండుసార్లు, ఆళ్లు ఇంట్లో ఉంటారంటావా అని అడిగింది.

సువార్తత్త ఎప్పట్లాగే నవ్వి చాప వేసింది. నానమ్మకి నీళ్లిచ్చింది. నాకోసం ముంచిన గ్లాసు మాత్రం చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పిల్లకియ్యచ్చా పెద్దమ్మా? పడతాయా?"

ఎత్తిపొడుపు కాదు, ఆవిడ నిజంగానే భయపడి అడిగింది. నానమ్మ తల దించుకుని ఇయ్యమ్మా అంది. తాగాను. రూతు గుమ్మంలోనే నిలబడి చూసింది గాని లోపలికి రమ్మని చెయ్యి పట్టుకు లాగలేదు. బెల్లం దిమ్మ చాప మీదే పెట్టి వచ్చేశాం. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ వాషింగ్ మిషన్లు. కాలర్లకి చుక్కలు పెట్టేవాళ్లు లేరు, చెప్పకుండా పక్కింట్లోకి దూరి కంచం ముందు కూర్చునే పిల్లలూ లేరు. మా అబ్బాయి స్నేహితుడెవరైనా ఇంటికొస్తే బిస్కెట్టు చేతికిచ్చే ముందు వాళ్లమ్మకి ఫోన్ చేస్తాను, బాబుకి పడుతుందా అండీ అని. ఎంత జాగ్రత్త మనిషండీ మీరు అని ఆవిడ మెచ్చుకుంటుంది. ఆమె సరేననేదాకా ఆ పిల్లవాడు నా చేతికేసి చూస్తూ నిలబడతాడు.