సినిమాలో లేని రేకు తలుపు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మలేసియాలో, సుంగై పెటాని అనే ఊళ్ళో, మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక దెయ్యం ఉండేది, మా ఇంటికి తప్ప. నేను చాలా ఏళ్ళు ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేశాను. కంటికి కనబడి చేతికి అందినదాన్నే నమ్మే రకం. ఇది రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు పెడతాను. మీకు అర్థమైతే నాకూ చెప్పండి.

నేను జగదీశ్‌కు రెండో భార్యను. మొదటి భార్య సరోజ బాగన్ దాతుక్‌లో, వాళ్ళ సొంత ఇంట్లోనే, స్నానాల గదిలో జారిపడి చనిపోయింది. ఆ సంగతి పెళ్ళికి ముందే ఆయన చెప్పారు. ఆమె చావుకు కారణం తానేనని కూడా చెప్పారు.

ఆయన పని చేసేది ఇంటికి దగ్గర్లో ఉన్న పామాయిల్ మిల్లు ఆఫీసులో. రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవారట. ఆ రోజు పొద్దున్న సరోజతో మాటా మాటా వచ్చింది. అలిగి క్యాంటీన్‌లో తిన్నారు. సాయంత్రం వచ్చి చూసి ఆస్పత్రికి తీసుకెళితే, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేదని అక్కడ అన్నారు. అప్పటినుంచి ఆయన మధ్యాహ్నం ఇంటికి రాలేదు. అసలు మధ్యాహ్నం తినడమే మానేశారు. రాత్రి నిద్ర కూడా అంతంతమాత్రం.

ఆ పుండు మానకుండా మా అత్త జాగ్రత్తగా చూసుకునేది. సరోజ ఫొటోకు దండ మార్చినప్పుడల్లా కొడుకు వైపు తిరిగి, "ఆ పొద్దు నువ్వు బోజనానికి వచ్చుంటే పిల్ల బతికీది బాబూ" అనేది. తల నిమురుతూ అనేది. ఆయన తల వంచుకుని వినేవారు. నాకు ఆ చేతిని పట్టుకుని లాగేయాలనిపించేది.

అత్తకు తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక, అంతదాకా సెలవులకే వచ్చిపోయే నేను ఉద్యోగం మాని ఆ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. ఎవరైనా పట్టుకుంటే తప్ప ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. నోటికి మాత్రం ఏ ఆపరేషనూ అక్కర్లేదు. నా పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "కొత్తదానా" అని పిలిచేది.

ఆ ఇంట్లో నాకు ఒప్పజెప్పిన అసలు పని సినిమా చెప్పడం.

సరోజ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఒక పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా అంటే ఆమెకు ప్రాణమట. ఏదో పేరున్న నవలనే అలా తీశారు. ఆ నవల కూడా ఆమె బీరువాలో ఉంది. మంచు పట్టిన కొండ మీద పెద్ద భవనం. గుర్రబ్బండిలోంచి ఒక కొత్త పెళ్ళికూతురు దిగుతుంది. భర్త మొదటి భార్య మెట్ల మీంచి పడి చచ్చిపోయి ఉంటుంది. ఇంటి తాళాలన్నీ ఆడపడుచు నడుముకు ఉంటాయి. మొగుడు మంచివాడే, కానీ ఏ మాటా నేరుగా చెప్పడు.

అత్త చదివింది ఎస్టేట్ తెలుగు బడిలో. ఇంగ్లీషు రాదు, కింద వచ్చే మలాయ్ అక్షరాలు చదవలేదు. అందుకని సరోజ ఆవిడ కాళ్ళు పిసుకుతూ ఒక్కో మాటా తెలుగులో చెప్పేదట. సరోజ పోయాక ఆ డిస్కు మూలపడింది. నేను వచ్చాక బయటికి తీశారు.

రోజూ మధ్యాహ్నం, అన్నం తిన్నాక, అదే సినిమా. ఆ ఇంటి మాటలో 'పడం'. కొత్త పెళ్ళికూతురుకు టీ కప్పు పట్టుకోవడం కూడా రాదని ఆడపడుచు వెక్కిరించే చోటు ఒకటుంది. దాన్ని వెనక్కి తిప్పించి మళ్ళీ చెప్పించుకునేది. నేను చెబుతుంటే నా మొహమే చూసేది, టీవీ చూసేది కాదు. "సరోజ సెప్తే ఏడుపొచ్చీది. నువ్వు సెప్తే నిద్దరొస్తంది లా" అనేది, మలాయ్‌వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి. నేను కాళ్ళు పిసికేదాన్ని. అసహ్యించుకున్నాను ఆవిడను. దాచడం ఎందుకు, చాలా గట్టిగా అసహ్యించుకున్నాను.

ఒక రోజు పొద్దున్నుంచీ వాన. మేము మామూలుగానే సినిమా పెట్టుకున్నాం. కొత్త పెళ్ళికూతురు మెట్ల మీద నిలబడి, ఆ రోజు ఏం జరిగిందని ఆడపడుచును అడుగుతుంది. ఆ చోటు నాకు కంఠతా వచ్చు. "పడిపోనాది. అప్పుడు అక్కడ ఎవులూ నేరు" అని చెప్పేదాన్ని. ఆడపడుచు అనేది అంతే.

ఆ రోజు నేను చెప్పింది వేరు.

"పడిపోనాది. పడి నిన్నే పిలిచినాది. రేకు తలుపు సేత్తో కొట్టినాది. కాలు కదలట్నేదు, ఎవుల్నన్నా పిలూ అన్నాది. నువ్వు ఇన్నావు. ఇని టీవీ సౌండు పెంచినావు."

కరెంటు లేని దీపాల కాలం సినిమాలో టీవీ ఎక్కడిదని నాకు అప్పుడు తట్టలేదు. తెర మీద పెదాలు కదులుతున్నాయి, నా చెవికి ఇంగ్లీషు వినబడుతోంది, నేను తెలుగులో చెబుతున్నాను. నా వరకూ అంతే.

అత్త కాలు వెనక్కి లాక్కుంది. "సుదా లా! సాలింక, పడం ఆపు" అంది. ఆపాను.

"నీకెవులు సెప్పినారే?"

"పడంలో ఉన్నదే సెప్పినాను అత్తా."

"ఆ పొద్దు ఇంట్లో మేవిద్దరవే. నానెవులికీ సెప్పనేదు. అది సచ్చిపోనాది. మరెవులు సెప్పినారు?"

ఆవిడే చెప్పుకుంటూ పోయింది. ఆ పొద్దున్న సరోజ మొగుణ్ణి తీసుకుని వేరు కాపురానికి క్లాంగ్ వెళ్ళిపోతానందట. గొడవ అదేనట. "కాసేపు అలగ పడుంటే పొగరు దిగుతాదనుకున్నాను. సచ్చిపోతాదని నాకేటి తెలుసు?"

వెనక చప్పుడైతే తిరిగాను. తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని జగదీశ్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. మిల్లు చుట్టూ నీళ్ళు చేరాయని అందరినీ ముందే పంపేశారట. నేను చెప్పింది కూడా ఆయన విన్నారు.

ఆయన అరవలేదు. ఒకటే అడిగారు. "అమ్మా, ఆ పొద్దు పడం అయిపోయేదాకా సూసినావా?"

ఆవిడ చీర కొంగు నలిపింది. "సూసినాను" అంది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి అన్నం పెట్టమన్నారు. ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో మధ్యాహ్నం భోంచేశారు. చారు రెండోసారి వేయించుకున్నారు. నాకు భయం వేసింది, ఆ భయంలో సంతోషం కూడా ఉంది.

తర్వాత డిస్కు మళ్ళీ వేసి చూశాను. మలాయ్ అక్షరాలు ఒక్కోటీ చదువుకుంటూ చూశాను. ఆడపడుచు ఎప్పుడూ అనే రెండు ముక్కలే అంది. నవల కూడా తీసి చూశాను, అందులోనూ లేదు. రేకు తలుపు సంగతి ఆయనే చెప్పారు. పెరట్లో ఉండే ఆ పాత స్నానాల గదిని సరోజ పోయాక పడగొట్టించారు. నేను వచ్చేసరికి అక్కడ సిమెంటు గచ్చు మాత్రమే ఉంది.

అత్త నిద్రలో ఏదైనా గొణిగితే నా చెవిన పడిందేమో అనుకున్నాను. పక్కవాళ్ళు అన్నారేమో అనుకున్నాను. కానీ సౌండు పెంచిన సంగతి ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ నిద్రలో గొణిగిన మాటైతే ఆ చోటే, ఆ సినిమా మధ్యలోనే ఎందుకు వచ్చింది?

ఇంతటితో అయిపోతే ఏదో ఒకటి అనుకుని ఊరుకునేదాన్ని.

ఇప్పుడు ఆయన రోజూ భోజనానికి వస్తున్నారు. తిని, చేయి కడుక్కుని, తల్లి కాళ్ళ దగ్గర కింద కూర్చుంటారు. సినిమా పెడతారు. కాళ్ళు పిసుకుతూ తానే తెలుగులో చెబుతారు. మెట్ల చోటు రాగానే ఆ రేకు తలుపు సంగతి చెబుతారు. గొంతు పెంచరు. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంటే సినిమా ఆపి, ఆవిడ ఇటు తిరిగేదాకా ఓపిగ్గా కూర్చుని, మళ్ళీ పెడతారు. లేచి పోవడానికి ఆవిడకు కాళ్ళు లేవు. "ఆణ్ణి ఆపమ్మా" అని నన్ను బతిమాలుకుంది. నేను గిన్నెలు తోముకుంటూ ఉండిపోయాను. నాకు జాలి వేయాలి. వేయడం లేదు.

ఆయన ఇప్పుడు రాత్రుళ్ళు హాయిగా నిద్రపోతున్నారు. మేలుకుని ఉండేది నేను.

ఎందుకంటే ఆ చోటు రోజురోజుకూ పెరుగుతోంది. నేను ఆ రోజు అనని మాటలు, అత్త ఒప్పుకోని మాటలు అందులో చేరుతున్నాయి. నిన్న వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఆయన ఎప్పటిలాగే మెల్లగా చెబుతున్నారు.

"ఆకర్న పిలవడం మానేసినాదమ్మా. నువ్వు రావని తెలిసిపోనాది. అప్పుడు, 'అత్తా, అన్నం మూత కింద ఎట్టినాను, సల్లారిపోతాది, తినీండి' అన్నాది."

అత్త రెండు చేతులతో మొహం కప్పుకుంది. "తిన్నాను బాబూ" అంది. "తిన్నాను."

సాయంత్రం ఆయన్ని అడిగాను, ఆ మాట మీకెలా తెలిసిందని. ఆయన వింతగా చూశారు.

"పడంలో ఉంది కదా" అన్నారు.

ఆయన పడుకున్నాక ఆ డిస్కు పెట్టుకుని మళ్ళీ చూశాను. లేదు. ఆయనకు ఎక్కడ వినబడుతోందో, ఆ రోజు నాకు ఎక్కడ వినబడిందో నాకు తెలియదు. రేపు మధ్యాహ్నం ఇంకేం చేరుతుందో అదీ తెలియదు.