పాచి మరకలకు సున్నం మందు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. బీయస్సీ పాసై, బోధన్ దగ్గర ఓ చిన్న చక్కెర మిల్లు ల్యాబులో కుదిరినవాడికి ఆ మాత్రం పొగరు ఉంటుంది కదా! కాకపోతే ఉద్యోగం టెంపరరీ. చందూర్‌లో పిల్లను మాట్లాడారు గాని, ఆమె బాపు "పిలగాడు పర్మనెంటు కానియ్యి, అప్పుడే లగ్గం" అని ఖరాఖండిగా చెప్పేశాడు. పర్మనెంటు చేయాల్సినవాడు మా మేనేజరు పెద్దసాబ్. పిల్లను అప్పటికే ఒకసారి చూసి ఉన్నాను (ఆమె తల వంచుకుంది, నేను వంచుకోలేదు), అందుకని తొందర నాకే ఎక్కువ.

పెద్దసాబ్ బంగళా వెనక ఈతకొట్టే సిమెంటు తొట్టి ఒకటుండేది (స్విమ్మింగ్ పూల్ అనాలి, లేకపోతే ఆయనకు కోపం). వానలు వెనకబట్టేసరికి నీళ్లు పచ్చబడి, గోడల నిండా పాచి మరకలు కట్టాయి. ఆదివారం హైదరాబాదు నుంచి కొత్తల్లుడు ఈతకు వస్తున్నాడు. "ఈ దాగులు ఎట్ల పోతయి?" అని పెద్దసాబ్ అడిగితే, నీళ్లు తోడించి గోడలు రుద్దించాలన్న ఆలోచన అందరికీ వచ్చింది, నాకు తప్ప. "సార్, చెరకు రసాన్నే సున్నమేసి తేటగ చేస్తున్నం, నీళ్లెంత?" అన్నాను.

శనివారం మిల్లు నుంచి సున్నపు పాలు డ్రమ్ములకొద్దీ మోయించి పోయించాను. మిల్లులో రసాన్ని వేడిచేస్తారు గనక మడ్డి అడుగుకు దిగుతుంది (తొట్టిని వేడిచేయడం ఎలాగో నేను ఆలోచించలేదు). తెల్లారి చూస్తే తొట్టి నిండా చిక్కటి పాలు! అల్లుడు గట్టు మీద నిలబడి, "మామా, ఈత కొట్టాల్నా, పెరుగు తోడెయ్యాల్నా?" అన్నాడు. అల్లుడి ముందు చిన్నబోవడం ఇష్టంలేక పెద్దసాబ్ తానే మోకాళ్లదాకా దిగి, సున్నం కొట్టిన గుంజల్లాంటి కాళ్లతో పైకొచ్చాడు.

"దాగులేవి?" అని ఉరిమాడు.

"కనిపిస్తలేవు సార్," అన్నాను. అది మాత్రం నిజమే. నా లగ్గం ఆ నీళ్లలోనే మునిగిందనుకున్నాను. అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టేసరికి మామ కూడా నవ్వక తప్పలేదు.

మర్నాడు పెద్దసాబ్ పిలిపించాడు. "నిన్ను ల్యాబుల ఉంచితే నాకు ఫికర్. ఇగ సున్నం కలిపేకాడనే ఉండు. పర్మనెంటుగ!"

అలా నాకు లగ్గమైంది. ఇప్పుడు మా మేడమీది నీళ్ల తొట్టికి పాచి పడితే, ఏం చేయాలో పక్కింటాయన్ని అడుగుతాను, ఆయన చెప్పింది సరైనదేనా అని ఇంకొకరిని అడుగుతాను. "అప్పుడే గిట్ల అడిగుంటే మన లగ్గం అయ్యేదే కాదు," అంటుంది మా ఆవిడ. నేనూ నవ్వుతాను గాని, ఎవరినీ అడగని ఆ కుర్రవాడంటే నాకు ఇప్పటికీ కొంచెం ఈర్ష్యే.